నీరు దిగని రేగడి: ప్రత్తిపాడు మండలంలో ఒక మిరప చేను కేస్ స్టడీ

స్థలం గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. 4 ఎకరాల నల్లరేగడి, పడమర మెరక, తూర్పు పల్లం. ఒక బోరు, దాని మీద డ్రిప్పు. సాగర్ కుడి కాలువ మేజరు (దాని నుంచి చీలిన పిల్లకాలువ) చివర ఉన్న భూమి కనక కాలువ నీరు వచ్చిన ఏడు వచ్చినట్టు, రాని ఏడు రానట్టు. ఆరేళ్లుగా మిరప మీద మిరపే. చేసేది కౌలు రైతు, భూమి ఆసామి ఉండేది గుంటూరు టౌన్‌లో. రైతు చెప్పిన బాధ ఇది: తూర్పు వైపు ఎకరంన్నరలో మొక్క మోకాలెత్తు దాటడం లేదు, తడి పెట్టినా మధ్యాహ్నానికి వాడిపోతోంది, గట్టి వాన పడితే నిలువునా ఎండుతోంది.

ఇది 2021-22 సీజను సంగతి. నల్ల తామర పురుగు గుంటూరు మిరపను ఊడ్చిపెట్టిన ఏడు అది. దాంతో చేలో ఏ మొక్క గిడసబారినా పురుగు ఖాతాలోనే రాసేశారు. ఈ చేలోనూ మందుల మీద మందులు పడ్డాయి. పురుగు ఉన్నమాట నిజమే, పూతలో చేరి పూత రాల్చిన మాటా నిజమే. అయితే పడమటి రెండున్నర ఎకరాల్లోనూ అదే పురుగు ఉంది, అక్కడ మొక్క నడుమెత్తు పెరిగింది. పురుగు పల్లం చూసి వాలదు. దెబ్బ ఒక్క పల్లపు మూలకే పరిమితమైతే చూపు ఆకు మీద నుంచి వేరు మీదకు పోవాలి.

పారతో, గ్లాసుతో, పైపు ముక్కతో

తూర్పు మూలలో పీకిన మొక్కల్లో తల్లివేరు జానెడు కూడా దిగలేదు. ఏడంగుళాల దగ్గర అడ్డం తిరిగి పక్కకు పాకింది. పిల్లవేర్లు గోధుమరంగుకు తిరిగి, వేళ్లతో లాగితే పైతోలు ఊడి లోపలి నార మిగిలింది. పడమర మొక్కకు వేరు అడుగున్నర దిగింది.

రెండు వైపులా అడుగున్నర లోతు గుంటలు తీసి గోడను చాకుతో గుచ్చుతూ చూస్తే పొరలు తేలికగానే తెలిశాయి. పై నాలుగంగుళాలు రోటవేటరు పిండి చేసిన మట్టి. దాని కింద మూడు నాలుగంగుళాల మందాన బిళ్లలు బిళ్లలుగా అడ్డంగా పేరుకున్న గట్టి పొర. అందులో చాకు దిగదు. ఆ కిందంతా మామూలు రేగడి, మధ్యమధ్య తెల్లటి సున్నపు గడ్డలు. గట్టి పొర రెండు వైపులా ఉంది, కాకపోతే తూర్పున ఇంకో గుర్తు కూడా ఉంది: తడి ఆరిన చోట నేల పైన నూనె పూసినట్టు నల్లటి పొర. కారు చౌడుకు ఇంతకంటే చవకైన గుర్తు లేదు. సోడియం ఎక్కువైన నేలలో ఉన్న కాస్త సేంద్రియ పదార్థం కూడా కరిగి నీటితో పైకి వచ్చి అలా నల్లగా ఎండుతుంది.

గ్లాసు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, బాగా ఎండిన బఠాణీ గింజంత మట్టి పెళ్లను మెల్లగా జారవిడిచి, కదపకుండా రెండు గంటలు వదిలేయాలి. పెళ్ల అలాగే నిలిస్తే నేల కట్టు బాగున్నట్టు. చిన్న చిన్న ముక్కలుగా విరిగి పడి, నీళ్లు మాత్రం తేటగా ఉంటే సేంద్రియ పదార్థం తక్కువ అని. పెళ్ల చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లటి మబ్బు కమ్మితే సోడియం పనిచేస్తోందని. తూర్పు మట్టికి పావుగంటలోనే మబ్బు కట్టింది. పడమటి మట్టి విరిగింది గాని నీళ్లు తేరుకునే ఉన్నాయి. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది నీళ్ల దగ్గర: బోరు నీళ్లతో చేస్తే అందులోని ఉప్పే మట్టిని విడిపోకుండా ఆపుతుంది, చౌడు నేల కూడా మంచిదిగానే కనిపిస్తుంది. వాన నీళ్లు గాని ఆర్వో ప్లాంటు నీళ్లు గాని వాడాలి.

నీరు ఎంత వేగంగా ఇంకుతోందో చూడటానికి ఆరంగుళాల పీవీసీ పైపు నుంచి ఐదంగుళాల ముక్క కోసి, మీద చెక్క పెట్టి మూడంగుళాలు నేలలోకి దిగగొట్టారు. లోపల పాలిథిన్ కాగితం పరిచి 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కాగితం మెల్లగా లాగేస్తే సరిగ్గా ఒక అంగుళం వాన పడ్డట్టు. రేగడిలో మొదటి అంగుళాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, అది నెర్రెల్లోకి జారిపోతుంది. రెండోసారి పోసిందే అసలు లెక్క. పడమర రెండో అంగుళం 40 నిమిషాల్లో ఇంకింది. తూర్పున మూడు గంటలైనా పైపులో నీళ్లు నిలబడే ఉన్నాయి.

ల్యాబు కాగితం

మట్టి నమూనాను చేనంతా కలిపి తీస్తే ఈ కేసు ఎప్పటికీ బయటపడేది కాదు. మంచి భాగానికి ఒకటి, దెబ్బతిన్న మూలకు ఒకటి, విడివిడిగా తీయాలి. గట్లు, చెట్ల నీడ, పెంట పోగులు వదిలేసి, చేలో అడ్డదిడ్డంగా ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, గుంట అంచు నుంచి పై నుంచి కిందికి ఒకే మందాన మట్టి చెక్కి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. డ్రిప్పు ఉన్న చేలో ఇంకో జాగ్రత్త కావాలి. చుక్క పడే చోట ఉప్పు కడుక్కుపోయి తక్కువగా, తడి అంచున పేరుకుని ఎక్కువగా ఉంటుంది. రెండు చోట్లా సమానంగా తీయకపోతే అంకె ఎటో ఒకవైపు మొగ్గుతుంది.

2015లో వచ్చిన భూసార ఆరోగ్య కార్డులో పన్నెండు అంశాలు ఉంటాయి: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత), ఈసీ (కరిగిన ఉప్పుల కొలత), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మపోషకాలు. సోడియం అందులో లేదు. కార్డులో పీహెచ్ 8.5 దాటిందంటే ఈఎస్‌పీ, అంటే మట్టి రేణువులకు అంటుకున్న మూలకాల్లో సోడియం వాటా, అడిగి చేయించుకోవాలి. దాంతోపాటు బోరు నీరు కూడా.

తూర్పు మూలలో పీహెచ్ 8.9, ఈసీ 0.7, సేంద్రియ కర్బనం 0.34 శాతం, ఈఎస్‌పీ 14. పడమర పీహెచ్ 8.1, ఈసీ 0.4, కర్బనం 0.42, ఈఎస్‌పీ 6. బోరు నీటి పీహెచ్ 8.4, ఈసీ 1.5, ఆర్‌ఎస్‌సీ, అంటే కాల్షియం, మెగ్నీషియం పోను నీటిలో మిగిలే కార్బొనేటు, బైకార్బొనేటు, లీటరుకు 5 మిల్లీ ఈక్వివలెంట్లు. ఆర్‌ఎస్‌సీ 1.25 లోపుంటే నిశ్చింత, 2.5 దాటితే ఆ నీటిని ఉన్నదున్నట్టుగా రేగడికి పెట్టకూడదు. రైతులు మామూలుగా నోట్లో పోసుకుని ఉప్పగా ఉందా లేదా అని చూస్తారు. ఈ నీరు ఉప్పగా ఉండదు. చప్పగా, సబ్బు నురగ బాగా వచ్చేలా ఉంటుంది, అందుకే మంచి నీరనుకుంటారు.

జరిగింది ఏమిటంటే, నీటిలోని బైకార్బొనేటు నేలలో ఉన్న కాల్షియంతో కలిసి సున్నంగా గడ్డకడుతుంది. కాల్షియం అలా పక్కకు పోయాక మట్టి రేణువుకు సోడియమే దిక్కు. సోడియం పట్టిన బంకమట్టి తడి తగలగానే ఉబ్బి, విడిపోయి, సన్న రంధ్రాలను పూడ్చేస్తుంది. నీరు దిగదు, గాలి ఆడదు, వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరు మీద కుళ్లు శిలీంధ్రాలు చేరతాయి. అప్పుడు రైతు వేరుకుళ్లు మందు పోస్తాడు. ఈసీ 1.5 ఉన్న నీరు ఎకరాకు ఏడాదిలో 40 సెంటీమీటర్లు పెడితే దాంతో దాదాపు ఒకటిన్నర టన్నుల లవణాలు పొలంలోకి వస్తాయి. నేల నీటిని తాగుతున్నంత కాలం వాన వాటిని కిందికి కడిగేస్తుంది. తాగడం మానేసిన మూలలో అక్కడికక్కడే పేరుకుంటాయి. మెరక నుంచి జారిన నీరు కూడా ఆ మూలకే చేరి ఎండుతుంది కనక తూర్పుకే దెబ్బ.

ఇక భాస్వరం. నేలలో ఎకరాకు 24 కిలోలు దాటితే ఎక్కువ కింద లెక్క. ఇక్కడ తూర్పున 52, పడమర 46. రైతు వేస్తున్నది దుక్కిలో 3 బస్తాల డీఏపీ, పైపాటుగా 2 బస్తాల 28-28-0. డీఏపీ బస్తాకు 23 కిలోల చొప్పున 69, రెండోదానితో 28, మొత్తం 97 కిలోలు. నీటి వసతి కింద మిరపకు సిఫారసు ఎకరాకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. అంటే నాలుగింతలు. వేసిన భాస్వరంలో చాలాభాగం సున్నంతో కలిసి గడ్డకట్టుకుపోయింది, మిగిలింది జింకును అందకుండా చేసింది. జింకు 0.5 పీపీఎం ఉంది, 0.6 కన్నా తక్కువైతే లోపమే. మొక్క పసుపెక్కితే మళ్లీ డీఏపీ నీళ్లే పోశారు.

చికిత్స: ముందు నీరు, తర్వాత తిండి

ఈ వరస మారిస్తే డబ్బు దండగ. నీరు దిగని నేలలో పశువుల ఎరువు గాని, జీవన ఎరువులు గాని, జీవామృతం గాని పోస్తే వాటికీ గాలి కావాలి కదా. చాలా ప్రకృతి వ్యవసాయ చేలు మొదటి ఏడు నిరాశపరచడానికి ఇదొక కారణం: పద్ధతి తప్పు కాదు, చౌడు తీయకుండా మొదలుపెట్టడం తప్పు.

మొదటి పని మురుగు. జిప్సం (కాల్షియం సల్ఫేటు) వేస్తే దానిలోని కాల్షియం తోసేయగా సోడియం మట్టిని వదిలి నీటిలోకి వస్తుంది, ఆ నీరు పొలం దాటి పోకపోతే మళ్లీ అక్కడే ఎండి మొదటికొస్తుంది. తూర్పు గట్టు వెంబడి రెండడుగుల లోతు కాలువ తీసి వాగులో కలపాలి. కాలువ పక్క పొలం మూల మీదుగా పోవాలి కనక ఆ రైతు ఒప్పుకోవడానికే నెల పట్టింది. ఆయన చేలో నిలిచే నీరు కూడా ఇదే కాలువలోకి తిప్పుతామన్నాకే ఒప్పుకున్నాడు.

2022 మే మొదట్లో, నేల నెర్రెలిచ్చి ఎండిన దశలో, చిసెల్ నాగలితో నాలుగడుగులకు ఒక సాలు చొప్పున అడుగున్నర లోతు తోలారు. చిసెల్ పని గట్టి పొరను పగలగొట్టడం. అది పొడి మట్టిలోనే పగులుతుంది. మధ్యలో ఒక వాన పడటంతో దక్షిణం వైపు కొన్ని సాళ్లు ఆగి, ఆరకముందే తోలేశారు. ఆ సాళ్లలో సెప్టెంబరులో గుంట తీస్తే నాగలి దిగిన చోట సన్నటి చీలిక, దాని గోడలు నున్నగా మెరుస్తూ కనిపించాయి, అటూ ఇటూ పొర చెక్కుచెదరలేదు. డీజిలు ఖర్చే మిగిలింది. తోలవచ్చో లేదో తెలియాలంటే ఆ లోతు మట్టి తీసి అరచేతుల మధ్య తాడులా చుట్టాలి. అగ్గిపుల్లంత సన్నగా తెగకుండా వచ్చిందంటే ఇంకా తడే. పొడిపొడిగా తెగిపోతే తోలుకోవచ్చు.

పడమటి రెండున్నర ఎకరాల్లో చిసెల్ తోలలేదు. అక్కడ ఈఎస్‌పీ మామూలే కనక, వేసవి మూడు నెలలు డ్రిప్పు కట్టేసి పూర్తిగా ఎండనిస్తే రేగడి తన పొర తానే పగలగొట్టుకుంటుంది. అదే జరిగింది. రేగడి రైతుకు నెర్రెలంటే భయం గాని, ఏడాదికోసారి లోతుగా నెర్రెలివ్వడం ఈ నేలకు మంచిదే.

జిప్సం లెక్క ఇలా కట్టారు. ఈ మట్టి క్యాటయాన్ మార్పిడి సామర్థ్యం, అంటే కాల్షియం, సోడియం లాంటి వాటిని రేణువులు పట్టి ఉంచుకునే శక్తి, 100 గ్రాములకు 45 మిల్లీ ఈక్వివలెంట్లు. ఈఎస్‌పీని 14 నుంచి 10కి దింపాలంటే 45లో 4 శాతం, అంటే 1.8 మిల్లీ ఈక్వివలెంట్ల సోడియాన్ని తీయాలి. ఆరంగుళాల లోతు వరకు ఎకరా మట్టిలో ఒక్కో మిల్లీ ఈక్వివలెంటుకు శుద్ధ జిప్సం సుమారు 680 కిలోలు పడుతుంది. 1.8కి 1,220 కిలోలు. సరుకు శుద్ధత 80 శాతం అనుకుంటే ఒకటిన్నర టన్నులు, 50 కిలోల బస్తాలు 30. ఎకరంన్నరకు 45 బస్తాలు.

కొనేటప్పుడు చూడాల్సింది శుద్ధత, తేమ. ఎరువుల ఫ్యాక్టరీ నుంచి వచ్చే జిప్సం తడిగా ఉంటుంది, ఆ నీటి బరువుకు కూడా మనమే డబ్బు కడతాం. పిడికిట్లో నొక్కితే ముద్దకట్టే సరుకైతే ఎండబెట్టి తూచి చూసి బేరమాడాలి. లారీ కిరాయి సరుకు ధరతో పోటీ పడుతుంది, నలుగురు రైతులు కలిసి తెప్పించుకుంటేనే గిట్టుబాటు. తేమగా ఉంటే గడ్డలు కడుతుంది, గడ్డ పడిన చోట అంతా పడి మిగతా చోట ఏమీ పడదు.

మే చివర, వానలకు ముందు, బస్తాలు సమంగా దూరం పెట్టి చల్లి, గుంటకతో నాలుగంగుళాల లోపే కలిపారు. లోతుగా దున్ని కలపకూడదు. పై పొరలో ఉండి వాన నీటిలో కరిగి కిందికి దిగాలి. డీఏపీతో కలిపి చల్లకూడదు. డ్రిప్పు ట్యాంకులో కలిపి పంపే ప్రయత్నమూ వద్దు. ఈ నీటిలోని బైకార్బొనేటు జిప్సం కాల్షియాన్ని పైపులోనే సున్నంగా మార్చి లాటరల్స్ (సాళ్ల వెంబడి పరిచే సన్న పైపులు) రంధ్రాలను మూసేస్తుంది.

జీలుగ, తర్వాత జొన్న

జూన్ రెండో వారంలో జీలుగ. మామూలుగా ఎకరాకు 12 కిలోలు, చౌడు మూలలో మొలక పలచబడుతుంది కనక 15 కిలోలు. విత్తనం రాత్రంతా నానబెట్టి చల్లారు. జీలుగకు ముందు ఒక బస్తా సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేటు) వేయమంటారు. ఇక్కడ భాస్వరం పొంగి పొర్లుతోంది కనక అక్కర్లేదు. చౌడును జీలుగ తట్టుకుంటుంది, జనుము అంతగా తట్టుకోదు. చౌడు లేని చేలో అయితే జనుమైనా పిల్లిపెసరైనా సరిపోతుంది.

జీలుగ ఇక్కడ నత్రజని కోసం మాత్రమే కాదు. కుళ్లేటప్పుడు విడుదలయ్యే కార్బన్ డయాక్సైడు నీటిలో కలిసి, నేలలో గడ్డకట్టి ఉన్న సున్నాన్ని కరిగిస్తుంది. ఆ కాల్షియం మళ్లీ సోడియాన్ని తోస్తుంది. అంటే చేలోనే ఉన్న సున్నపు గడ్డల్లోంచి ఉచితంగా దొరికే కాల్షియం. జిప్సం, జీలుగ జంటగా వేయడానికి కారణం ఇదే.

పూత మొదలైన దశలో, 45 రోజులకు, కలియదున్నారు. మంచి చేలో ఎకరాకు 8 నుంచి 10 టన్నుల పచ్చిరొట్ట వస్తుంది. తూర్పు మూలలో అందులో సగమే వచ్చింది. 60 రోజులు దాటనిస్తే కాండం కట్టెబారి, దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనినే తినేస్తాయి. కలియదున్నాక మూడు వారాలు వదలాలి. పచ్చిరొట్ట కుళ్లీ కుళ్లకుండా మిరప నారు నాటితే మొదలుకుళ్లు ఖాయం, ప్రతి ఏడూ ఎక్కడో ఒక చోట ఇది చూస్తూనే ఉన్నాం.

ఆ ఏడు తూర్పు మూలలో మిరప వేయలేదు. సెప్టెంబరు చివర మాఘీ జొన్న, ఎకరాకు 4 కిలోల విత్తనం. జొన్న వేరు పీచులా అల్లుకుని మట్టిని గుళ్లు గుళ్లుగా పట్టి ఉంచుతుంది, ఓ మోస్తరు చౌడుకు ఓర్చుకుంటుంది, మిరప తెగుళ్లకు ఆశ్రయమివ్వదు. శనగ పెట్టాలని రైతుకు ఉంది గాని శనగ ఉప్పుకు సున్నితం, ఆ మూలలో పోయేది. జొన్నకు మిరపంత డబ్బు రాదు. ఆ మాట దాచడంలో అర్థం లేదు. పడమటి రెండున్నర ఎకరాల్లో మిరప ఉంది కనకే కౌలు రైతు ఈ ఎకరంన్నరను వదులుకోగలిగాడు. మొత్తం 4 ఎకరాలూ చౌడైతే ఈ పద్ధతి అలాగే చెప్పి ఉండేవాళ్లం కాదు, దశలవారీగా ఎకరం చొప్పున చేయించేవాళ్లం.

మిరప కట్టె విషయం. ఇక్కడ వేసవిలో కట్టె పీకి గట్టు మీద తగలబెట్టడం ఆనవాయితీ. ఎండు తెగులు వచ్చిన మడుల కట్టె, మచ్చకాయ తెగులు పట్టిన చెత్త తీసేసి కాల్చడం సరైనదే, ఆ శిలీంధ్రాలు చెత్తలో బతికి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కట్టెను మాత్రం ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి చేలోనే పరవాలి. ఆకుముడత వైరస్ ఎండిన కట్టెలో బతకదు, ఆ భయంతో కాల్చనక్కర్లేదు.

పశువుల ఎరువు ఎకరాకు 10 టన్నులు అని ఏ పుస్తకమైనా చెబుతుంది. పశువులే లేని ఊళ్లో ఎక్కడిది? దొరికిన మేరకు మూడు ట్రక్కులు పడ్డాయి. మిగతాదానికి వేసవిలో గొర్రెల మంద పెట్టించారు. కోళ్ల ఎరువు చవకగా వస్తుందని తెచ్చిన రైతులున్నారు, చౌడు మూలలో అది వద్దు, ఉప్పు ఎక్కువ.

మళ్లీ మిరప, మిచౌంగ్ తుపాను

2023 మేలో తూర్పున మళ్లీ కొంత జిప్సం వేశారు, ఈసారి నేల కోసం కాదు, నీటి కోసం. ఆర్‌ఎస్‌సీ 5 నుంచి 2.5కి దింపాలి. ఒక మిల్లీ ఈక్వివలెంటుకు ఘనపు మీటరు నీటికి 86 గ్రాములు. ఎకరాకు 40 సెంటీమీటర్లంటే 1,620 ఘనపు మీటర్లు. గుణిస్తే 348 కిలోలు, శుద్ధత చూసుకుంటే 435, ఎకరాకు 9 బస్తాలు. బోరు నీటితో సాగు చేసినన్నాళ్లూ ఏటా తప్పదు. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి, 45 రోజులకు కలియదున్నారు. సెప్టెంబరులో మిరప నాటారు.

మడులు ఈసారి వాలుకు అడ్డంగా, అడుగెత్తున. అంతకుముందు డ్రిప్పు పైపులకు సులువని వాలు వెంబడే వేసేవారు. వాన నీరు మడుల మధ్య పరుగెత్తి మట్టిని ఈడ్చుకుపోయేది. ఎకరాకు ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే ఐదు టన్నులు పోయినట్టు, అదీ కర్బనం, పోషకాలు ఎక్కువగా ఉండే పై మట్టి. మల్చింగ్ షీటు 25 మైక్రాన్లకు తగ్గకుండా వేశారు. 15 మైక్రాన్ల షీటు చవకే గాని పంట తర్వాత పీలికలై చేలోనే ఉండిపోతుంది.

ఎరువులు: నిల్వలు ఎక్కువ ఉన్న పోషకానికి సిఫారసులో 30 శాతం తగ్గించాలి. భాస్వరం 24కి బదులు 16 కిలోలు, రెండు బస్తాల సూపర్‌తో సరి. సూపర్‌లో కాల్షియం, గంధకం కూడా వస్తాయి కనక ఈ నేలకు డీఏపీ కంటే అదే మేలు. జింకు సల్ఫేటు ఎకరాకు 20 కిలోలు, సూపర్ వేసిన వారం తర్వాత విడిగా. యూరియా నేల మీద చల్లితే ఇంత పీహెచ్‌లో అమ్మోనియాగా ఎగిరిపోతుంది, డ్రిప్పులో చిన్న చిన్న మోతాదుల్లో ఇచ్చారు. 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని (కుళ్లు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె కప్పి వారం పది రోజులు పెంచి మడుల్లో వేశారు. గోనె కింద వేడెక్కనిస్తే శిలీంధ్రం చస్తుంది, రోజు విడిచి రోజు తిరగేయాలి. ఇంకో చిన్న సంగతి: చిరుజల్లు పడుతుంటే డ్రిప్పు ఆపకూడదు, ఓ గంట నడపాలి. లేకపోతే తడి అంచున పేరుకున్న ఉప్పును జల్లు వేర్ల దగ్గరికి తోస్తుంది.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గుంటూరు, బాపట్ల జిల్లాల్లో చేలు మునిగాయి. చుట్టుపక్కల పల్లపు చేలలో నాలుగు రోజులు నీరు కదలలేదు. ఈ చేలో మర్నాటి సాయంత్రానికి మడుల మధ్య నీరు దిగిపోయింది. ఒక్కచోట తప్ప. మురుగు కాలువ వాగులో కలిసే చోట మట్టి పూడి వెనక్కి తన్నడంతో చివరి ఎనిమిది మడులు మునిగి, అందులో సగం మొక్కలు ఎండాయి. కాలువ తీయడానికి ముందుకొచ్చిన వాళ్లు ఏటా ఆగస్టులో పూడిక తీయడానికి రారు. ఈ పనికి కూలి ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. మిగతా మడులకు కాపర్ ఆక్సీక్లోరైడు లీటరుకు 3 గ్రాములు మొదళ్లలో పోసి, ఆకుల మీద 13-0-45 (పొటాషియం నైట్రేటు) లీటరుకు 10 గ్రాములు పిచికారీ చేస్తే తేరుకున్నాయి.

2024 మేలో అవే చోట్ల మళ్లీ నమూనాలు తీశారు. తూర్పున పీహెచ్ 8.5, ఈఎస్‌పీ 11. అనుకున్న 10కి రాలేదు, దక్షిణం సాళ్లలో చిసెల్ సరిగా పడకపోవడం ఒక కారణం. పైపు పరీక్షలో రెండో అంగుళం 50 నిమిషాల్లో దిగింది. వేరు అడుగుంబావు వరకు పోయింది. అడుగు కింద ఈఎస్‌పీ దాదాపు మారలేదు, రేగడిలో అంత లోతుకు కాల్షియం దిగాలంటే ఇంకా కొన్ని వానాకాలాలు కావాలి. సేంద్రియ కర్బనం 0.34 నుంచి 0.41. ఇది చూసి సంబరపడక్కర్లేదు, ల్యాబు తేడాలు తీసేస్తే నిజంగా పెరిగింది ఇంకా తక్కువే. రెండేళ్లలో కర్బనం రెట్టింపైందని ఎవరైనా చెబితే నమూనా ఎక్కడ తీశారో అడగాలి. భాస్వరం ఇంకా 44 ఉంది.

కౌలు కాగితం

సాంకేతికంగా ఈ కేసులో కష్టమేమీ లేదు. కష్టమంతా ఖర్చు ఎవరిదన్న దగ్గర. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే. జిప్సం ఫలితం కనపడేది రెండో పంటకు. వచ్చే ఏడు చేను తనకుంటుందో లేదో తెలియని రైతు 45 బస్తాల జిప్సం ఎందుకు వేస్తాడు, డీఏపీ వేసుకుంటాడు గాని. ఇక్కడ కుదిరిన పద్ధతి: జిప్సం, మురుగు కాలువ ఖర్చు ఆసామిది. చిసెల్, జీలుగ విత్తనం, కూలీలు కౌలు రైతువి. జొన్న వేసిన ఎకరంన్నరకు ఆ ఏడు సగం కౌలే. మూడు పంటల వరకు చేను మార్చనని ఆసామి తెల్లకాగితం మీద రాసిచ్చాడు. చట్టం ముందు ఆ కాగితం ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న, రైతుకు మాత్రం అది సరిపోయింది. ల్యాబు రిపోర్టు ఆసామి చేతికిచ్చి, పడమటి మూలకూ తూర్పు మూలకూ కౌలు ఒకేలా ఎందుకు రాదో లెక్క చూపించాకే ఆయన దారికొచ్చాడు.

ఈ మందే అన్ని చౌడులకూ కాదు. బాపట్ల తీరం వైపు పాలచౌడు, ఈసీ బాగా ఎక్కువ ఉండి ఈఎస్‌పీ తక్కువ ఉన్న నేలల్లో, జిప్సం దండగ. అక్కడ మంచి నీరు పెట్టి కడిగి, మురుగు తీయడమే వైద్యం. ఏ చౌడో తేలేది పీహెచ్, ఈసీ, ఈఎస్‌పీ మూడూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే.

ఈ చేలో తూర్పు ఎకరంన్నరకు వరస ఇప్పుడు ఒక ఏడు మిరప, ఒక ఏడు జీలుగ మీద జొన్న. బోరు నీటిని ఏటా ఏప్రిల్ చివర, నీటిమట్టం అడుగంటినప్పుడు పరీక్షకు పంపాలి, ఆ నెలలోనే అది అన్నిటికంటే చెడ్డగా ఉంటుంది. ఆర్‌ఎస్‌సీ 5.6కు పోతే 9 బస్తాల జిప్సం కాస్తా 11 అవుతుంది. కాలువ నీరు వచ్చిన ఏడు, దాంతో పెట్టిన తడుల మేరకు ఆ లెక్కలో తగ్గించుకోవచ్చు.